నాన్న పద్యాలకు సరిపోయే కారు స్పీకర్లు

కారులో కంపెనీ ఇచ్చిన స్పీకర్లు మార్చుకుందామని షాపుకి వెళ్లే ప్రతి ఒక్కరూ మొదట అడిగేది "ఎన్ని వాట్లు?" అనే. డబ్బా మీద 250 అనో 300 అనో పెద్ద అంకె ఉంటుంది కాబట్టి కళ్లు ముందు అక్కడికే పోతాయి. కానీ స్టీరియో మార్చకుండా, ఆంప్లిఫయర్ పెట్టకుండా, ఒక్క స్పీకర్లు మాత్రమే మార్చుకునేవాళ్లకి ఆ అంకెతో పెద్దగా పని లేదు. పనికొచ్చే అంకె డబ్బా వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాని పేరు సెన్సిటివిటీ. ఈ మధ్య మా కారుకి స్పీకర్లు వేయించే పనిలో పడి దీని గురించి బాగా చదివాను, షాపుల్లో చెవులారా విన్నాను. నాలాగే వెతికేవాళ్లకి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మాది గుంటూరు, బ్రాడీపేట. ఉద్యోగం విజయవాడలో. పొద్దున, సాయంత్రం కాజ టోల్‌గేట్ మీదుగా కారులోనే ప్రయాణం. సెలవు రోజుల్లో నాన్నని తెనాలి తీసుకెళ్తుంటాను, అక్కడ మా మేనత్త ఉంటుంది. నాన్నకి పద్యనాటకమంటే ప్రాణం. ఆయన పెన్‌డ్రైవ్‌లో మాధవపెద్ది సత్యం, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు పద్యాలుంటాయి. అన్నిటికంటే ఎక్కువగా వినేది ఈలపాట రఘురామయ్య గారిని. ఆయన మన జిల్లా సుద్దపల్లి మనిషి కావడంతో నాన్నకి ఆ అభిమానం ఇంకాస్త ఎక్కువ.

కొన్నాళ్లుగా డ్రైవరు వైపు తలుపులోంచి గరగర మొదలైంది. పద్యం పై స్థాయిలో ఉన్నంతసేపు బాగానే ఉండేది. రాగం తీస్తూ కిందికి దిగితే చాలు, స్పీకరు అదిరేది. నాన్న ఒకరోజు, "రాగం వినపడుతోందిరా, మాటే తెలియట్లేదు" అన్నాడు. పద్యం వినేవాళ్లకి అంతకంటే పెద్ద లోటు ఇంకేముంటుంది? రాగం ఎంత సాగదీసినా ఒక్క అక్షరం కూడా మింగకుండా పలకడమే కదా అసలు విద్య. ఆ మాటతోనే నాకు కొలమానం దొరికింది. బేస్ దద్దరిల్లాలి, పక్క కారువాడు తిరిగి చూడాలి, ఇవేవీ నాకు అక్కర్లేదు. మాట తెలియాలి.

డోర్ ప్యాడ్ విప్పించి చూస్తే సంగతి అర్థమైంది. స్పీకరు చట్రం పల్చటి ప్లాస్టిక్. వెనక అయస్కాంతం మూడు వేళ్ల వెడల్పు కూడా లేదు. కోను, అంటే ముందుకీ వెనక్కీ కదిలి శబ్దం పుట్టించే గరాటా లాంటి భాగం, నల్ల కాగితం. దాని అంచు కింది వైపు అర చేతి పొడవున చీలి ఉంది, చీలిక పక్కన తెల్లగా నీటి చార. తలుపు లోపలికి వాన నీళ్లు రావడం మామూలే. అద్దం పక్కనుంచి కారి, అడుగున ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోవాలని కార్లను అలాగే తయారుచేస్తారు. ఒక్కో వానాకాలం కాగితం తడిసి ఆరుతూ వచ్చింది. మే నెలలో రెంటచింతల పేరు పేపర్లలో మోగిపోయే ఎండలకి ఎండిపోయింది. అంతే, అంచు చిట్లింది.

అందుకే నేను పెట్టుకున్న మొదటి నియమం, కోను చుట్టూ ఉండే మెత్తటి అంచు రబ్బరుది అయ్యుండాలి. ఫోమ్ అంచు ఉన్నవాటి జోలికి వెళ్లొద్దు. మన వైపు ఎండతో పాటు ఉక్కపోత కూడా ఎక్కువ. ఆ తేమకి ఫోమ్ కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. కోను సంగతికొస్తే, తడి అంటకుండా పూత వేసిన కాగితమైనా పర్లేదు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ అయినా పర్లేదు. మంచి కాగితం కోను తేలిగ్గా ఉంటుంది, గొంతు సహజంగా పలుకుతుంది. కాగితం అనగానే చవకరకం అని తీసిపారేయక్కర్లేదు.

ఇక వాట్ల సంగతి. మన స్టీరియో మీద "50 వాట్లు x 4" అని ఉంటుంది. ఆ 50 ఎక్కడిదంటే, ఇంజిన్ తిరుగుతున్నప్పుడు కారు కరెంటు దాదాపు 14.4 వోల్టులు. 14.4ని 14.4తో గుణించి, స్పీకరు నిరోధం (కరెంటుని అడ్డుకునే గుణం) 4 ఓమ్‌లు కాబట్టి 4తో భాగిస్తే 51.84 వస్తుంది. అంటే స్టీరియో లోపలి చిప్పు ఉన్న వోల్టేజీ మొత్తాన్ని ఎడాపెడా తోసేసినప్పుడు వచ్చే గరిష్ఠం అది. అలా తోస్తే వచ్చేది పాట కాదు, గోల. పాట పాటలా వినపడాలంటే ఆ చిప్పు ఒక్కో స్పీకరుకి 20 వాట్లకి కాస్త అటూ ఇటూ ఇవ్వగలదు. బ్లూటూత్ అయినా, పెన్‌డ్రైవ్ అయినా, రేడియో అయినా, కారు ఎంత ఖరీదైనదైనా, లోపల విడిగా ఆంప్లిఫయర్ లేకపోతే లెక్క ఇంతే.

మరి 20 వాట్లు ఇచ్చే స్టీరియోకి 300 వాట్ల స్పీకరు తగిలిస్తే ఒరిగేదేంటి? డబ్బా మీద ఉన్న 300, ఆ స్పీకరు క్షణకాలం తట్టుకోగల గరిష్ఠం. అది ఇచ్చే శబ్దం కాదు. నిలకడగా ఎంత తట్టుకుంటుందో చెప్పేది ఆర్‌ఎమ్‌ఎస్ అంకె. మామూలుగా తలుపు స్పీకర్లకి అది 40 నుంచి 80 మధ్య ఉంటుంది. మన స్టీరియోకి అది ఎటూ చాలు.

సెన్సిటివిటీ అంటే స్పీకరుకి ఒక్క వాటు ఇచ్చి, మీటరు దూరంలో కొలిస్తే ఎంత శబ్దం వస్తుందో చెప్పే లెక్క. డెసిబెల్స్‌లో రాస్తారు. 3 డెసిబెల్స్ పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. 86 డెసిబెల్స్ స్పీకరు పక్కన 92 డెసిబెల్స్ స్పీకరు పెట్టి చూస్తే తేడా 6. అంటే 92 దానికి 20 వాట్లు ఇస్తే వచ్చే శబ్దం, 86 దాంట్లో రావాలంటే 80 వాట్లు కావాలి. మన స్టీరియో దగ్గర ఆ 80 లేవు. అప్పుడు మనమేం చేస్తాం? వాల్యూమ్ చివరిదాకా తిప్పుతాం. చిప్పు శక్తికి మించి తోస్తుంది, పాట గీరుకుపోతుంది, ఆ గీరుడు శబ్దమంతా ట్వీటరు (పై స్థాయి శబ్దాలు పలికే చిన్న స్పీకరు) మీద పడి అది కాలిపోతుంది. స్పీకరు 300 వాట్లు తట్టుకుంటుందన్న ధైర్యం ఇక్కడ అక్కరకు రాదు.

ఈ అంకెలోనూ ఒక మెలిక ఉంది. దాన్ని కొంతమంది ఒక వాటు దగ్గర కొలుస్తారు, కొంతమంది 2.83 వోల్టుల దగ్గర కొలుస్తారు. 8 ఓమ్‌ల స్పీకరుకి రెండూ ఒకటే. కారు స్పీకర్లు 4 ఓమ్‌లు కాబట్టి 2.83 వోల్టులు ఇస్తే వెళ్లేది రెండు వాట్లు. దాంతో అంకె ఊరికే 3 డెసిబెల్స్ ఎక్కువ కనపడుతుంది. రెండు కంపెనీల డబ్బాలు పక్కపక్కన పెట్టుకున్నప్పుడు ఏది ఎలా కొలిచారో చదివి, అవసరమైతే 3 తీసేసి పోల్చుకోవాలి. షాపుల్లో ఈ మాట ఎవరూ చెప్పరు. వాళ్లు దాస్తున్నారని కాదు, అడిగేవాళ్లు లేక.

ఓమ్‌ల గురించి కూడా ఒక మాట. జేబీఎల్, ఇన్ఫినిటీ రెండూ హర్మన్ సంస్థవే (2017 నుంచి ఆ సంస్థ శాంసంగ్ చేతిలో ఉంది). వాళ్ల స్పీకర్లలో 3 ఓమ్‌ల రకాలు కొన్ని ఉన్నాయి. మామూలు స్టీరియోలు చాలావరకు వాటిని మోయగలవు, శబ్దం కాస్త పెద్దగా కూడా వస్తుంది. 2 ఓమ్‌లవి మాత్రం కంపెనీ స్టీరియోకి తగిలించే ముందు అది తట్టుకుంటుందో లేదో చూసుకోవాలి. కరెంటు రెట్టింపు లాగేసరికి చిప్పు వేడెక్కిపోతుంది. ఎండలో ఆపిన కారులో డ్యాష్‌బోర్డు ముందే కాలిపోతుంటుంది, దానికి ఇది తోడవుతుంది.

కొలతల్లో మోసపోయే అవకాశం తక్కువ. చాలా కార్ల ముందు తలుపుల్లో పట్టేది ఆరున్నర అంగుళాల రకమే. అయితే వెడల్పు సరిపోయినా లోతు సరిపోకపోవచ్చు. అద్దం పూర్తిగా దింపి, స్పీకరు కూర్చునే రేకు నుంచి అద్దం దాకా ఎంత ఖాళీ ఉందో స్కేలుతో కొలుచుకోవాలి. ఎంచుకున్న స్పీకరు లోతు దానికంటే కనీసం అర సెంటీమీటరు తక్కువ ఉండాలి. పెద్ద అయస్కాంతం మీద మోజుతో తీసుకుని, అద్దం దించగానే ఠప్పుమని తగిలితే ఆ బాధ చెప్పనలవి కాదు.

రెండు రకాలుంటాయి. కోయాక్సియల్ అంటే కోను మధ్యలోనే ట్వీటరు ఉండేది. కాంపోనెంట్ అంటే ట్వీటరు విడిగా, పెద్ద స్పీకరు విడిగా, మధ్యలో ఏ శబ్దం ఎటు పోవాలో పంచే క్రాస్‌ఓవర్ డబ్బా. కోయాక్సియల్ చవక, బిగించడం తేలిక. కానీ తలుపు స్పీకరు ఉండేది మోకాళ్ల దగ్గర. పై స్థాయి సన్నటి శబ్దాలు తిన్నగా పోతాయి, వంగి పైకి రావు. శ, ష, స, క్ష లాంటి అక్షరాల పదును ఉండేది అక్కడే, దాదాపు 4 వేల హెర్ట్జ్ పైన. అవి మన ప్యాంటుకీ సీటు గుడ్డకీ వినిపించి ఆగిపోతే మాట ఎలా తెలుస్తుంది? మా కారులో పక్క అద్దం మొదట్లో మూడు మూలల ప్లాస్టిక్ ముక్క ఖాళీగా ఉంది. ట్వీటరు అక్కడ పెడితే చెవి ఎత్తుకి దగ్గరగా వస్తుంది. అందుకని బడ్జెట్ కొంచెం పెంచి ముందు తలుపులకి కాంపోనెంట్ వేయించుకోవాలని, వెనక తలుపులు ముట్టుకోకూడదని అనుకున్నాను. నాలుగు తలుపులకీ చవకవి వేసే కంటే ముందు రెండింటికే మంచివి వేయడం మేలని నా గట్టి నమ్మకం. వెనక కూర్చునేది ఎప్పుడో ఒకసారి. వినే ఇద్దరూ ముందే ఉంటారు.

బందరు రోడ్డులో ఒక షాపుకి నాన్నని కూడా తీసుకెళ్లాను. కుర్రాడు మర్యాదగా కుర్చీ వేశాడు. "బేస్ కావాలా సార్, క్లారిటీ కావాలా?" అని అడిగాడు. "మాట కావాలి తమ్ముడూ" అన్నాను. ఒక్క క్షణం చూసి, "అయితే మీ పాటే పెట్టండి సార్, మా పాటలు వద్దు" అన్నాడు. ఆ మాటకే అతని మీద గురి కుదిరింది.

షాపు గోడ మీద స్పీకర్ల బోర్డు ఉంటుంది. బటన్ నొక్కితే ఒక్కోటి మోగుతుంది. దాంతో వచ్చే చిక్కేంటంటే, ఏది కాస్త గట్టిగా మోగితే అదే బాగుందని చెవి చెప్పేస్తుంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఆరు తొమ్మిది రకం పక్కన ఏదైనా చిన్నబోతుంది. పైగా ఆ బోర్డు వెనక పెద్ద ఆంప్లిఫయర్ ఉంటుంది, మన కారులో ఉండదు. అందుకని ఆంప్లిఫయర్ తీసేసి మామూలు స్టీరియోకే తగిలించమన్నాను. ఈక్వలైజర్, లౌడ్‌నెస్ అన్నీ ఆపించాను. స్పీకరు మార్చినప్పుడల్లా వాల్యూమ్ సరిచేసి, అన్నీ ఒకే స్థాయిలో వినపడేలా చూసుకున్నాం.

నాన్న పద్యాలు ఎలాంటివో ఇక్కడ చెప్పాలి. కొన్ని పాత 78 ఆర్‌పీఎం రికార్డుల నుంచి వచ్చినవి. కొన్ని రేడియో నుంచి క్యాసెట్లోకి, క్యాసెట్ నుంచి కంప్యూటర్లోకి ఎక్కినవి. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. మా వైపు ఎన్నో ఇళ్లలో పద్యాల కూడిక ఇలా రేడియో ముందు టేప్‌రికార్డర్ పెట్టుకునే తయారైంది. అలాంటి రికార్డింగుల్లో పై స్థాయి శబ్దాలు పెద్దగా ఉండవు. ఉండేది సూది రాపిడి, టేపు బుస. లోహపు డోమ్ (గుమ్మటం ఆకారపు) ట్వీటర్లు చాలావాటికి మెరుపు ఎక్కువ. కొత్త సినిమా పాటల్లో ఆ మెరుపు బాగుంటుందేమో గానీ, పాత రికార్డులో అది గొంతు కంటే ముందు బుసనే పైకి లాగుతుంది.

మొదటి జత సరిగ్గా అలాగే మోగింది. రఘురామయ్య గారు పద్యం మధ్యలో ఈల అందుకోగానే చెవిలో సూది గుచ్చినట్టయింది. నాన్న తల పక్కకి తిప్పేసుకున్నాడు. రెండో జత బరువైన కోనుది, సెన్సిటివిటీ తక్కువ. బేస్ గుండ్రంగా ఉంది కానీ, స్టీరియో సగానికి పైగా తిప్పినా గొంతు గది లోపల్నుంచి వస్తున్నట్టే ఉంది. ఆంప్లిఫయర్ పెడితే అదే మారాజులా మోగుతుందని కుర్రాడన్నాడు, నిజమే అయ్యుంటుంది. మూడోది పూత వేసిన కాగితం కోను, పట్టు గుడ్డతో చేసిన డోమ్ ట్వీటరు. ఒక వాటు లెక్కలో 90 డెసిబెల్స్. ఈల ఎక్కింది, సాగింది, ఎక్కడా కోయలేదు. హార్మోనియం రీడు మీద వేలు పడ్డప్పుడు ఆ చిన్న గాలి చప్పుడు కూడా తెలిసింది. నాన్న కళ్లు మూసుకుని పద్యం చివరి పాదం తనూ కలిసి అనేశాడు. "ఇదిరా" అన్నాడు. ఇంకేవీ వినలేదు.

బ్రాండ్ పేరు కావాలనే రాయడం లేదు. ఒకే కంపెనీ పట్టు డోమూ చేస్తుంది, లోహపు డోమూ చేస్తుంది. ఫ్రాన్స్ ఫోకల్, ఇటలీ హెర్ట్జ్, ఇజ్రాయెల్ మోరెల్, జపాన్ పయొనీర్, ఆల్పైన్, ఇవన్నీ రకరకాల ధరల్లో రకరకాల సిరీస్‌లు అమ్ముతాయి. పేరు చూసి కాకుండా మీరు రోజూ వినేది పెట్టుకుని వినండి. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. డూప్లికేట్లు బాగా తిరుగుతున్నాయి, బిల్లు తీసుకోండి, సీరియల్ నంబరు వేసిన వారంటీ కార్డు అడగండి.

బిగించింది ఆటోనగర్‌లో. ఆ పని చేసే పెద్దాయనని అందరూ బాబాయ్ అంటారు, నేనూ అలాగే అన్నాను. స్పీకరు రేకుకి పొసగాలంటే మధ్యలో ఒక రింగు కావాలి. ఎమ్‌డీఎఫ్ చెక్క రింగు వేద్దామా అని అడిగితే లోపల్నుంచి ఒక పాత రింగు తెచ్చి చేతిలో పెట్టాడు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మునిగిన కారు తలుపులోదట. ఒక పక్క ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయింది, గోటితో గీకితే పొట్టు రాలింది, స్క్రూ రంధ్రం వేలు దూరేంతయింది. "వరదే అక్కర్లేదు నాయనా, నాలుగు వానలకే ఇట్టా అయిద్ది. ప్లాస్టిక్‌ది ఏసుకో" అన్నాడు. ప్లాస్టిక్ రింగే వేయించాను. రింగుకీ రేకుకీ మధ్య ఫోమ్ టేపు చుట్టాడు.

చాలామంది డబ్బు మిగుల్చుకునే చోటు తలుపు. కానీ సగం శబ్దం తలుపులోనే ఉంది. కోను ముందుకి తోసిన గాలి, వెనక్కి తోసిన గాలి తలుపు రంధ్రాల్లోంచి వచ్చి కలిస్తే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. ముందుగా పోయేది బేసే. తలుపు లోపలి రేకు మీద పెద్ద పెద్ద రంధ్రాలుంటాయి, వాటి మీద కంపెనీ పల్చటి ప్లాస్టిక్ షీటు అంటిస్తుంది. బాబాయ్ బయటి రేకు లోపలి వైపున అల్యూమినియం పూత ఉన్న బ్యుటైల్ (అదురు తగ్గించే జిగురు రబ్బరు) షీటు ముక్కలు అంటించి రోలరుతో నొక్కాడు. పెద్ద రంధ్రాలు కూడా దాంతోనే మూశాడు. నీళ్లు పోయే అడుగు రంధ్రాలు మాత్రం వదిలేశాడు. అది మర్చిపోతే తలుపు లోపల్నుంచి తుప్పు పడుతుంది. క్రాస్‌ఓవర్ డబ్బాని షీటుకి ఇవతల, తడి తగలని వైపు కట్టాడు. వైర్లు ఎక్కడా కోయలేదు, కారుకి సరిపోయే కప్లరు వాడాడు. కారు ఇంకా వారంటీలో ఉన్నవాళ్లు దీన్ని పట్టుబట్టి అడగాలి.

చివర్లో టార్చిలైట్ బ్యాటరీ ఒకటి తీసి స్పీకరు వైర్లకి తాకించాడు. ప్లస్ ప్లస్‌కి తగిలితే కోను బయటికి కదలాలి. రెండు తలుపులూ అలా చూశాడు. ఒక వైపు తిరగబడితే రెండు స్పీకర్లూ ఎదురెదురుగా పనిచేసి బేస్ పల్చబడుతుంది, గొంతు ఎటు నుంచి వస్తోందో తెలియదు. ఎవరి దగ్గర వేయించినా ఈ ఒక్క పరీక్ష మీ కళ్ల ముందు చేయించండి, అర నిమిషం పని.

ఇప్పుడు పద్యం డ్యాష్‌బోర్డు మీద నుంచి వస్తున్నట్టుంది. హైవే మీద ఎనభైలో వెళ్తున్నా పాదం చివరి అక్షరం దాకా తెలుస్తోంది. వాల్యూమ్ మునుపటి కంటే చాలా తక్కువలో పెడుతున్నాం. ట్రెబుల్ ఒక గీత తగ్గించాను, ముందు, వెనక స్పీకర్లకి శబ్దం పంచే ఫేడరు కాస్త ముందుకి జరిపాను, మిగతావన్నీ సున్నా దగ్గరే. కడుపులో తగిలేంత బేస్ మాత్రం రాదు. ఆరున్నర అంగుళాల కోను నుంచి అంత ఆశించకూడదు, అది కావాల్సినవాళ్లు సీటు కింద పెట్టే చిన్న సబ్‌వూఫర్ చూసుకోవాలి. ఊడదీసిన స్పీకర్లని, చీలినదాంతో సహా, అట్టపెట్టెలో వేసి అటక మీద పెట్టాను. కారు అమ్మే రోజు వస్తే చీలిన అంచు అతికించి పాతవే బిగించేసి, వీటిని తర్వాతి కారుకి మార్చుకుంటాను.